తనఖా తగాదాలో వకీలు ఫీజు ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో పట్టాల నీడన చైతన్యపురి, కొత్తపేట దాటుకుంటూ వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా సందుల్లో కనిపించేవి ఎక్కువగా మధ్యతరగతి కట్టుకున్న ఇళ్లు. కింద తాము ఉంటూ, పై అంతస్తులు కోచింగ్ పిల్లల హాస్టల్‌కో, కుటుంబాలకు కిరాయికో ఇచ్చుకునే ఇళ్లు. వాటిలో అనేకం అప్పుతో లేచినవే. గోడలు ఇక్కడ ఉంటే అసలు దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లతో సహా, బ్యాంకులోనో గృహరుణ సంస్థలోనో ఉంటాయి. కిస్తీలు సాఫీగా సాగినంతకాలం ఆ కాగితాల ఊసు ఎవరికీ గుర్తు రాదు. 2020 మార్చిలో విద్యాసంస్థలు మూతపడినప్పటిలా హాస్టల్ కిరాయి ఆగిపోయిందనుకోండి, లేదా ఇంట్లో సంపాదించే మనిషి ఉద్యోగం పోయిందనుకోండి. 90 రోజులు దాటి బాకీ నిలిస్తే ఆ ఖాతా మొండి బాకీల లెక్కలోకి వెళ్తుంది. ఆ వెనకే నోటీసు వస్తుంది, నోటీసు వెనక వకీలు, వకీలు వెనక కోర్టో ట్రిబ్యునలో వస్తాయి. ఈ దారి పొడవునా అయ్యే ఖర్చు ఎవరు భరించాలి? ఇల్లు ఉంటుందా పోతుందా అన్న భయంలో ఈ ప్రశ్నను జనం ఆఖరికి వదిలేస్తారు. నేను దాన్ని ముందుకు తెస్తున్నాను. ఎందుకంటే ఇల్లు నిలబడుతుందా లేదా అన్నది కొన్నిసార్లు ఈ ఖర్చు లెక్క మీదే ఆధారపడుతుంది.

కోర్టు ఖర్చుల గురించి మన మనసుల్లో రెండు ఊహలు ఉన్నాయి. ఓడినవారు కట్టాలన్నది ఒకటి, ఎవరి ఖర్చు వారిదే అన్నది రెండోది. మామూలు సివిల్ దావాలకు ఈ రెండూ వర్తిస్తాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ఖర్చుల నిర్ణయాన్ని కోర్టు విచక్షణకు వదిలింది. గెలిచినవారికి ఖర్చులు ఇప్పించకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలని కూడా అంది. తనఖా దావా దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూడో సూత్రం పనిచేస్తుంది. అప్పు ఇచ్చినవారు తమ సొమ్మును, తమ హామీని కాపాడుకోవడానికి సక్రమంగా పెట్టిన ఖర్చు అసలు మీద చేరుతుంది, అంటే అప్పు తీసుకున్నవారి నెత్తినే పడుతుంది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు అంటారు. తనఖా వ్యాజ్యంలో ఆ రెండు ఏడుపులూ చాలావరకు ఒకే ఇంట్లో వినిపిస్తాయి. తన వకీలుకు తాను ఇచ్చుకోవాలి, తన మీద దావా వేసిన వకీలు ఫీజు కూడా తన బాకీలో కలిసి కనిపిస్తుంది.

ఈ సూత్రం అన్యాయంగా పుట్టిందని నేను అనను. దాని వెనక సరైన తర్కం ఉంది. అప్పు ఇచ్చినవారికి రావలసింది అసలు, వడ్డీ. కట్టవలసినవారు కట్టకపోవడం వల్ల కోర్టుకు వెళ్లాల్సివచ్చి ఆ ఖర్చును తామే మింగితే, వారికి చేరేది తాము ఇచ్చినదానికంటే తక్కువవుతుంది. అందుకే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 72వ సెక్షన్, తనఖా ఆస్తిని కాపాడడానికి, ఆస్తి మీద హక్కును నిలబెట్టడానికి అప్పు ఇచ్చినవారు పెట్టిన అవసరమైన ఖర్చును అసలుకు కలుపుకోనిచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో తనఖా దావాలకే కేటాయించిన ఆర్డర్ 34 కూడా ప్రాథమిక డిక్రీలో అసలు, వడ్డీలతో పాటు ఈ ఖర్చులను లెక్కగట్టమంటుంది. అయితే ఆ రెండు చట్టాలూ ఒక కాపలా మాటను వదలకుండా వాడాయి. ఖర్చు సక్రమంగా పెట్టినదై ఉండాలి. సక్రమమా కాదా అని తేల్చేది అప్పు ఇచ్చినవారు కాదు, న్యాయమూర్తి. ఈ రోజు నా వాదన మొత్తం ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఆర్డర్ 34లోని 10వ రూలు శ్రద్ధగా చదవదగ్గది. అప్పు ఇచ్చినవారి నడవడిక బాగాలేకపోతే దావా ఖర్చులు వారికి రాకుండా పోతాయని అది చెబుతుంది. 1976 సవరణతో అందులో ఇంకో రక్షణ చేరింది. దావాకు ముందే గానీ, దావా వేసే సమయానికి గానీ, అప్పు తీసుకున్నవారు రావలసిన సొమ్ము చెల్లించడానికి ముందుకు వస్తే, లేదా కోర్టులో జమ చేస్తే, ఆ మొత్తం చెప్పుకోదగ్గంత తక్కువ కాకపోతే, దావా ఖర్చులు వారి మీద వేయకూడదు. పైగా వారి సొంత ఖర్చులే అప్పు ఇచ్చినవారి నుంచి వారికి రావాలి. అలా ఇప్పించకపోతే కోర్టు కారణం రాయాలి. దీనికి ఆస్తి బదిలీ చట్టం 83, 84 సెక్షన్లు తోడు. అసలు చెల్లించవలసిన గడువు వచ్చాక అప్పు తీసుకున్నవారు బాకీ సొమ్మును కోర్టులో జమ చేయవచ్చు. చట్టం చెప్పినట్టు చెల్లించడానికి ముందుకు వచ్చిన నాటి నుంచి అసలు మీద వడ్డీ ఆగిపోతుంది. ఇంత స్పష్టంగా రుణగ్రహీత పక్షాన నిలబడే నిబంధన మన సివిల్ చట్టంలో అరుదు. అప్పు తీర్చడానికి సిద్ధపడినవారిని కోర్టుకు లాగితే, లాగిన ఖర్చు లాగినవారిదే అన్న న్యాయం అందులో ఉంది. తనఖా ఆస్తి ఎక్కడుంటే దావా అక్కడి కోర్టులోనే కాబట్టి, సరూర్‌నగర్ వైపు ఇంటికి ఈ రక్షణ ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లోనే దొరకాలి.

దొరకాలి, కానీ బ్యాంకు అప్పులకు దొరకదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం బ్యాంకులకు కోర్టు గుమ్మం తొక్కకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం ఇచ్చింది. 60 రోజుల గడువుతో డిమాండు నోటీసు, అప్పటికీ కట్టకపోతే స్వాధీనం, ఆ తర్వాత వేలం. రుణ వసూలు ట్రిబ్యునల్ తేల్చవలసిన సంగతుల్లో సివిల్ కోర్టు కలగజేసుకోకుండా 34వ సెక్షన్ తలుపు మూసింది. ఖర్చుల గురించి ఆ చట్టం 13వ సెక్షన్‌లోని 7వ ఉపసెక్షన్ ఏమందో చూడండి. స్వాధీన చర్యల మీద సక్రమంగా పెట్టామని రుణదాత అభిప్రాయపడే ఖర్చులన్నీ అప్పు తీసుకున్నవారి నుంచి రాబట్టుకోవచ్చు. వేలం సొమ్ములో మొదట ఆ ఖర్చులు మినహాయించుకోవాలి, తర్వాత బాకీ, మిగిలితే హక్కుదారుకు. 1882 చట్టం 69వ సెక్షన్ కూడా కోర్టు ప్రమేయం లేని అమ్మకం గురించే మాట్లాడింది, అక్కడా ఖర్చులు సొమ్ములోంచి తీసుకోనిచ్చింది. కానీ అక్కడ ఉన్నది సక్రమమైన ఖర్చు అన్న మాట ఒక్కటే. రుణదాత అభిప్రాయంలో అన్న మాటలు 120 ఏళ్ల తర్వాత చేరాయి. బ్రిటిషు వారి కాలంలో లేని వెసులుబాటు స్వతంత్ర దేశపు చట్టంలోకి రావడం నన్ను నిజంగా బాధపెడుతుంది. సర్ఫేసీ చట్టంలోని ఆ 7వ ఉపసెక్షన్ వేలం సొమ్మును రుణదాత ధర్మకర్తగా పట్టుకుని ఉండాలని కూడా అంటుంది. ధర్మకర్తకు తన ఖర్చు తానే సక్రమమని తీర్పు చెప్పుకునే అధికారం ఇవ్వడం ఆ మాటకే పొసగదు.

ఖర్చంటే ఏమిటో విడమరిస్తే విషయం తేటపడుతుంది. డిమాండు నోటీసు తయారీ ఫీజు, స్వాధీన నోటీసును రెండు పత్రికల్లో వేయించిన ప్రకటన ఖర్చు, ఇల్లు విలువ కట్టినవారి ఫీజు, కాపలా మనిషి జీతం, వేలం నిర్వాహకుల రుసుము, వకీలు ఫీజు. ఇంటివారు తాళాలు ఇవ్వకపోతే 14వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు సాయం తీసుకుంటారు. చీఫ్ జ్యుడీషియల్ మెజిస్ట్రేట్‌కు కూడా ఆ అధికారం ఉందని 2019లో, స్వాధీనానికి అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కమిషనర్ ఫీజు కూడా ఈ చిట్టాలోకే వస్తుంది. అంటే ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి రుణదాతకు జిల్లా కోర్టు ప్రాంగణం పనికొస్తుంది. చిట్టాలోని ఖర్చు సక్రమమా అని అడగడానికి మాత్రం ఇంటివారికి ఆ ప్రాంగణం పనికిరాదు, వారు రుణ వసూలు ట్రిబ్యునల్‌ను వెతుక్కోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇంటిని విడిపించుకునే హక్కు గురించి 13వ సెక్షన్ 8వ ఉపసెక్షన్ చెబుతుంది. రుణదాత బాకీ మొత్తాన్ని, దానితో పాటు అయిన ఖర్చులన్నిటినీ వేలం ప్రకటన వెలువడేలోపు చెల్లించడానికి ముందుకు వస్తే ఆస్తిని అమ్మకూడదు. బాకీ ఒక్కటే కడతానంటే చాలదు. ఖర్చుల అంకె కూడా కట్టాలి, ఆ అంకె వేసేది రుణదాతే. 2016 సవరణ తర్వాత ఈ గడువు గురించి హైకోర్టులు తలో మాటా చెప్పాయి. హైదరాబాద్‌లో ఉన్న ఉభయ రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు 2018లో కన్సర్న్ రెడీమిక్స్ కేసులో, వేలం ప్రకటన వచ్చినంత మాత్రాన విమోచన హక్కు పోదన్న అర్థంలో తీర్పు ఇచ్చింది. మన ప్రాంతపు రుణగ్రహీతలకు అది కొంత ఊపిరి. 2023 సెప్టెంబర్ 21న సెలిర్ వర్సెస్ బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ దృక్పథం సరికాదంది. వేలం ప్రకటన వెలువడితే విడిపించుకునే హక్కుకు తెరపడినట్టే. దీన్ని ఖర్చుల నిబంధనతో కలిపి చూడండి. బాకీ సొమ్ము చుట్టాల దగ్గర పోగుచేసి తెచ్చిన కుటుంబం, చిట్టాలో వేసిన లీగల్ చార్జీలు ఎక్కువని వాదులాడుతూ కూర్చుంటే ఆ లోపల ప్రకటన పత్రికలో పడవచ్చు. అప్పుడు చిన్న మొత్తం మీద తగాదా పెద్ద ఇంటిని మింగుతుంది. అడిగినంతా కట్టేస్తే వివరం అడిగే ఓపిక ఎవరికీ మిగలదు.

సరే, ట్రిబ్యునల్‌కు వెళ్లి అడగవచ్చు కదా అంటారు. వెళ్లవచ్చు. సర్ఫేసీ చట్టం 17వ సెక్షన్ 45 రోజుల గడువు ఇస్తుంది. ఆ దారిలో దిల్‌సుఖ్‌నగర్ కుటుంబానికి ఏమవుతుందో ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. బాకీ 30 లక్షలు అనుకుంటే, నిబంధనల ప్రకారం రుణగ్రహీత దరఖాస్తు ఫీజు 10 లక్షల వరకు 5,000, ఆపైన ప్రతి లక్షకు 250 చొప్పున, మొత్తం 10,000 రూపాయలు. వకీలు ఫీజు వేరు. ట్రిబ్యునల్‌లో ఓడితే అప్పీలు హైదరాబాద్‌లో లేదు, కోల్‌కతాలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోవాలి. అక్కడ రుణగ్రహీత అప్పీలు వినాలంటే బాకీలో సగం, అంటే 15 లక్షలు ముందు జమ చేయాలి. కారణాలు రాసి ట్రిబ్యునల్ తగ్గించినా నాలుగో వంతుకు, ఏడున్నర లక్షలకు తగ్గదు. కిస్తీలు కట్టలేకే ఇక్కడిదాకా వచ్చిన మనిషి ఏడున్నర లక్షలు ఎక్కడ తెస్తాడు? ఈ ముందస్తు జమ షరతు రుణగ్రహీతకే, రుణదాత అప్పీలుకు లేదు. అటువైపు వాదించే వకీలు ఫీజు, రుణపత్రం రాసినట్టు, ఇటువైపు ఖాతాలోనే ఖర్చు పడుతుంది. మొదట ఈ చట్టం ట్రిబ్యునల్ గడప ఎక్కడానికే 75 శాతం జమ అడిగింది. 2004 ఏప్రిల్‌లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెడుతూనే ఆ షరతును కొట్టేసింది. న్యాయం అడగడానికి పెట్టే ఖర్చే న్యాయానికి అడ్డుగోడ కాకూడదన్న వాదనకు ఈ చట్టం చరిత్రలోనే అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

నా వాదనకు ఎదురుగా నిలిచే అభ్యంతరాల్లో బలమైనది సంతకం. రుణపత్రంలో లీగల్ ఖర్చులన్నీ నేనే భరిస్తానని రాసి ఉంది, దాని కింద సంతకం ఉంది, ఇప్పుడు కాదంటే ఎలా? ఒప్పందానికి విలువ ఇవ్వాలన్నది నిజమే. కానీ తనఖా చట్టం మొదటి నుంచీ సంతకాన్ని ఆఖరి మాటగా తీసుకోలేదు. అప్పు తీర్చినా ఇల్లు తిరిగి ఇవ్వనని పత్రంలో రాయించుకుని సంతకం పెట్టించుకుంటే, ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్ ఆ రాతను పక్కన పెడుతుంది. ఒకసారి తనఖా అయితే ఎప్పటికీ తనఖానే అన్నది న్యాయస్థానాలు తరతరాలుగా పాటిస్తున్న సూత్రం. డబ్బు అవసరంలో ఉన్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడని చట్టానికి తెలుసు కాబట్టే ఆ రక్షణ. రిజర్వు బ్యాంకు ఈ మధ్య నడిచిన దారీ ఇదే. 2023 ఆగస్టు 18 నాటి ఉత్తర్వులో, కిస్తీ ఆలస్యమైతే వేసే జరిమానాను వడ్డీ రేటులో కలపకూడదని, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని అంది. 2024 ఏప్రిల్‌లో, రుణం ఇచ్చేముందు చేతికిచ్చే ముఖ్య వివరాల పత్రంలో లేని ఏ రుసుమునూ రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా తర్వాత వసూలు చేయకూడదని అంది. ముందు చెప్పని ఖర్చు, వివరం లేని ఖర్చు చెల్లదన్న సూత్రాన్ని నియంత్రణ సంస్థే ఒప్పుకుంది. రుణం ఇచ్చే రోజుకు వర్తించే ఆ నిజాయితీ వసూలు రోజుకూ వర్తించాలని అడగడం అత్యాశ కాదు.

రెండో అభ్యంతరం డిపాజిటర్ల తరఫున వస్తుంది. ఎగవేసినవారి మీద ఖర్చు వేయకపోతే అది మిగతా ఖాతాదారుల మీద పడుతుంది, క్రమంగా కిస్తీ కట్టే కుటుంబాలు ఎక్కువ వడ్డీ కట్టాల్సి వస్తుంది. వనస్థలిపురంలో పింఛను సొమ్ము బ్యాంకులో వేసుకున్న పెద్దాయన ఈ మాట అంటే నేను తల వంచి వింటాను. కట్టగలిగీ కట్టనివారి వల్ల అయిన సక్రమ ఖర్చు వారే భరించాలి, అందులో నాకు రెండో మాట లేదు. నా పోరు ఆ ఖర్చు మీద కాదు. నోటీసు తప్పుగా ఇచ్చి, రుణగ్రహీత పంపిన అభ్యంతరానికి చట్టం చెప్పిన 15 రోజుల్లో జవాబివ్వక, లేదా తీర్చడానికి వచ్చిన సొమ్ము తీసుకోక చర్య మొదలుపెట్టి, చివరికి ట్రిబ్యునల్‌లో ఓడిన రుణదాత, ఆ ఓటమి ఖర్చును కూడా ఓడించినవారి ఖాతాలోనే రాస్తే? ఆ ఖర్చు ఎగవేత వల్ల పుట్టలేదు, రుణదాత పొరపాటు వల్ల పుట్టింది. పొరపాటు ఖర్చు ఎదుటివారు కడతారని తెలిసినప్పుడు జాగ్రత్తపడాలన్న ఒత్తిడి సంస్థకు తగ్గుతుంది. డిపాజిటర్లకు కూడా అది మేలు చేయదు. మనవాళ్లు వేల సంఖ్యలో ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ కాలిఫోర్నియాలో ఈ చిక్కును సివిల్ కోడ్ 1717వ సెక్షన్‌తో విప్పారు. వకీలు ఫీజు ఒక పక్షానికే వస్తుందని ఒప్పందంలో రాసుకున్నా, చట్టం ఆ వాక్యాన్ని ఇరుపక్షాలకూ వర్తించేలా చదువుతుంది. ఆ ఒప్పందం మీద దావాలో గెలిచింది రుణగ్రహీత అయితే ఫీజు రుణగ్రహీతకే. ఇంగ్లండ్‌లో అప్పీలు కోర్టు 1990ల తొలినాళ్లలో గొంబా హోల్డింగ్స్ కేసులో ఖర్చుల ఒప్పందాన్ని గౌరవిస్తూనే, అనవసరంగా పెట్టినవి, హద్దు మీరినవి కొట్టేయవచ్చంది. ఆ రెండు చోట్లా ఇళ్ల అప్పుల వ్యాపారం ఆగిపోలేదు.

ఖర్చు భయం తీసేస్తే రుణగ్రహీతలు కేసులను ఏళ్లతరబడి సాగదీస్తారన్న అభ్యంతరం ఇంకోటి. ఇందులో నిజం ఉంది. వాయిదా కోసమే వేసే దరఖాస్తులు మన కోర్టులకు కొత్త కాదు. కానీ దానికి మందు రుణదాత అభిప్రాయం కాదు, న్యాయమూర్తి కలం. 2005లో సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ జబ్బు గురించే మాట్లాడింది. ఖర్చులు ఇప్పించకపోవడం, ఇప్పించినా నామమాత్రంగా ఇప్పించడం దురుద్దేశపు వ్యాజ్యాలకు ఊతమిస్తోందని, కోర్టు ఫీజు, వకీలు ఫీజులే కాక గెలిచినవారు వెచ్చించిన కాలం, రాకపోకలు, టైపింగ్ కూడా కలిపి వాస్తవ ఖర్చు ఇప్పించాలని చెప్పింది. ఆ కేసులో నిబంధనలు రూపొందించిన కమిటీకి అధ్యక్షులు మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. సివిల్ ఖర్చుల మీదే 2012లో 240వ నివేదిక ఇచ్చిన లా కమిషన్‌కు అధ్యక్షులు జస్టిస్ పి.వి. రెడ్డి, ఆయనా మనవారే. అబద్ధపు దావాకు 35ఎ సెక్షన్ కింద పరిహార ఖర్చు గరిష్ఠంగా 3,000 రూపాయలు. ఎల్బీనగర్‌లో ఒక గది కిరాయికి కూడా ఆ సొమ్ము చాలదు. ఆ హద్దు పెంచాలి, ఇరుపక్షాలకూ పెంచాలి. సాగదీసిన రుణగ్రహీత మీద బరువుగా వేయండి, తొందరపడి తప్పు చేసిన రుణదాత మీదా అంతే బరువుగా వేయండి. ఒకే తక్కెడలో తూచమనడమే నేను అడుగుతున్నది.

సర్ఫేసీ చట్టం 19వ సెక్షన్ ఉంది కదా అని న్యాయవాద మిత్రులు గుర్తుచేయవచ్చు. స్వాధీనం చట్టవిరుద్ధమని తేలి ఆస్తిని తిరిగి ఇమ్మన్నప్పుడు రుణగ్రహీతకు పరిహారం, ఖర్చులు ఇప్పించవచ్చని అది చెబుతుంది. మంచి నిబంధన. కానీ రెండింటి తీరు చూడండి. రుణదాత ఖర్చు దరఖాస్తు లేకుండా, విచారణ లేకుండా ఖాతాలో పడిపోతుంది. రుణగ్రహీత ఖర్చు మాత్రం గెలిచాక, ట్రిబ్యునల్ తేల్చాక వస్తుంది. స్వాధీనం దాకా పోకుండా నోటీసు దశలోనే రుణదాత తప్పు బయటపడితే 19వ సెక్షన్ అందనే అందదు. అందుకే చట్టంలో మారవలసింది పెద్ద అధ్యాయం కాదని నా నమ్మకం. 13వ సెక్షన్ 7వ ఉపసెక్షన్‌లోంచి రుణదాత అభిప్రాయం అన్న మాటలు తీసేస్తే 1882 నాటి కొలత తిరిగి వస్తుంది. ఆర్డర్ 34లోని 10వ రూలు రక్షణను ట్రిబ్యునల్‌కు కూడా వర్తింపజేస్తే, తీర్చడానికి వచ్చినవారి మీద ఖర్చు పడదు. ప్రతి ఖర్చుకూ రసీదు జతచేయమంటే ట్రిబ్యునళ్లు లెక్కల మధ్య మునిగిపోతాయని భయపడనక్కర్లేదు. రసీదు ఉన్న ఖర్చు మీద తగాదా తక్కువ, రసీదు లేని అంకె మీదే తగాదా.

చట్టం మారేదాకా ఉన్నదానితోనే నెట్టుకురావాలి. డిమాండు నోటీసులో బాకీ వివరాలు ఉండాలని 13వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ అంటుంది. కాబట్టి నోటీసు అందిన 60 రోజుల్లోనే అసలెంత, వడ్డీ ఎంత, లీగల్ చార్జీలెంత, దేనికెంత అని రాతపూర్వకంగా అడగండి. సొమ్ము చేతిలో ఉండి ఖర్చుల అంకె మీదే పేచీ అయితే, వేలం ప్రకటన పడకముందే అభ్యంతరంతో కడుతున్నామని రాసి మొత్తం కట్టి, ఇల్లు దక్కించుకుని, ఖర్చుల మీద తర్వాత పోరాడడం మేలు. రాజీ కుదిరితే లీగల్ ఖర్చులు అందులో కలిసాయా లేదా అన్నది రాజీ పత్రంలోనే రాయించుకోవాలి. ఒకేసారి చెల్లింపు పథకం రుణగ్రహీత హక్కు కాదని 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అంది కాబట్టి నోటిమాటను నమ్ముకోకూడదు. బాకీ మొత్తం తీరాక 30 రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వకపోతే, జాప్యం సంస్థదే అయితే, రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబర్‌లో ఆదేశించింది, దాన్నీ అడగండి. ప్రైవేటు వ్యక్తి దగ్గర అప్పు తీసుకుని హామీగా సేల్ డీడ్ రాసిచ్చే అలవాటు ఈ ప్రాంతంలోనూ ఉంది, అది మాత్రం మానాలి. తిరిగి ఇస్తాననే షరతు ఆ పత్రంలోనే లేకపోతే చట్టం దాన్ని తనఖాగా చూడదు, అప్పుడు ఖర్చుల మాట దేవుడెరుగు, ఇల్లు నాదేనని నిరూపించుకోవడానికే ఏళ్లు పడుతుంది. ఇక వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎల్బీనగర్ కోర్టు ప్రాంగణంలోనే ఉంది. న్యాయ సేవాధికార సంస్థల 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. మన కాలనీల్లో చాలా ఇళ్లు ఇల్లాలి పేరునే రిజిస్టరై ఉంటాయి. నోటీసు ఆమె పేరున వస్తే, ఆ నోటీసు పట్టుకుని ఆమె మొదట వెళ్లవలసింది అక్కడికే, 60 రోజుల్లో మొదటి వారంలోనే.